స్పిరిటు రుచి నిర్ధారణ కమిటీ

మా మెట్ట మీద మబ్బులు చూడటానికి జనం రావడం మొదలై ఎనిమిదేళ్ళయింది. తెల్లవారుజామున అంచున నిలబడితే కాళ్ళ కింద లోయంతా పాలు పొంగినట్టు ఉంటుంది. ఇందులో మా ఊరివాళ్ళ గొప్పేమీ లేదు. మబ్బులు వాటంతటవే వస్తాయి, వాటంతటవే పోతాయి. ఏ శాఖా వాటిని ఇంకా తన చేతుల్లోకి తీసుకోలేదు కనక సవ్యంగానే నడుస్తున్నాయి.

రెండేళ్ళ కిందట రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి సకుటుంబంగా వచ్చి, ఆ మబ్బుల ముందు నిలబడి ఫొటో తీయించుకుని తెలిసినవాళ్ళందరికీ పంపుకున్నాడు. వాళ్ళలో ఒకడు, వెనకాల ఉన్నది మబ్బు కాదనీ టీ కొట్టు పొయ్యి పొగ అనీ కనిపెట్టాడు. అధికారికి తల కొట్టేసినట్టయింది. మామూలు మనిషైతే ఫొటో తీసేసి ఊరుకునేవాడు. ఈయన జీవో తెచ్చాడు. దాని పేరు 'నిర్ధూమ గిరి పథకం'. మెట్ట మీద కట్టెల పొయ్యి వెలిగించరాదు. పొగ కనబడితే, వచ్చినవాళ్ళకు అద్దెకిచ్చే టెంట్లు పీకేస్తారు. గ్యాసు బండల్ని అటవీ శాఖ వారు అంతకుముందే పేలుడు పదార్థాల్లో చేర్చి నిషేధించారు. కరెంటు స్తంభాలు కొండ సగం దాకా వచ్చి ఆగిపోయి ఆరేళ్ళయింది.

ఇక మిగిలింది బొగ్గుల కుంపటి. బొగ్గులకు పొగ రాదు కనక జీవోలో వాటి ఊసు లేదు. టెంట్లవాళ్ళందరూ కుంపట్లు కొన్నారు. డిసెంబరులో మా దగ్గర బకెట్లో నీళ్ళ మీద పొర కడుతుంది. వచ్చినవాళ్ళు కుంపటిని టెంటు లోపల పెట్టుకుని, చల్లగాలి దూరకుండా జిప్పు పూర్తిగా లాక్కుని పడుకునేవారు. మూసిన చోట బొగ్గులు రాజుకుంటూ వదిలే వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా నేను బోర్డు మీద రాసి చెబుతున్నాను. మా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. జీవోలు రాసేవాళ్ళెవరూ నా క్లాసులో కూర్చోలేదు.

ముందటేడు డిసెంబరులో కొర్రా సుక్రు అలాగే పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. అతని అక్క కిల్లో దొయిమతికి మెట్ట మీద ఆరు టెంట్లున్నాయి, తమ్ముడూ అక్కా కలిసి నడిపేవారు. ఒక టెంటు ఖాళీగా ఉంటే అందులో కుంపటి పెట్టుకుని పడుకున్నాడు, మరి లేవలేదు. పోలీసులు వచ్చి 'చలికి మృతి' అని రాసుకుని వెళ్ళిపోయారు. ఇంకెవరూ రాలేదు.

దొయిమతి నా దగ్గర ఇంటర్ చదువుకుంది. ఫిబ్రవరిలో ఒకరోజు కాలేజీకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, మన లాబ్‌లో గాజు దీపం ఉండేది కదా, నీలంగా మండేది. పొగ రాదు, గిన్నెకి మసి అంటదు. దాన్లో పోసేది ఎక్కడ దొరుకుతాది?"

"స్పిరిటు. ఎందుకమ్మా?"

"వైజాగ్ నించి ట్రెక్కింగు కుర్రోళ్ళు వచ్చేరు. అరచేతంత పొయ్యి తెచ్చుకున్నారు. దాన్లో ఈ స్పిరిటే పోసి నీళ్ళు కాచుకున్నారు, గిన్నె అడుగు తళతళలాడిపోతంది. అలాటి పొయ్యిలు ఆరు కొంటాను సారూ. బయటే నీళ్ళు కాచి, రబ్బరు సంచుల్లో పోసి, దుప్పట్లో పెట్టి ఇచ్చేస్తాను. వాళ్ళకి వెచ్చగా ఉంటాది. టెంట్‌లోకి నిప్పు ఎల్లదు." మళ్ళీ అంది, "నా టెంట్‌లోకి ఇంకెప్పుడూ నిప్పు ఎల్లకూడదు సారూ."

బ్రహ్మాండమైన ఆలోచన. వీసమెత్తు తప్పు లేదు. రంగుల కొట్లో వడ్రంగులు పాలిష్ కోసం అడిగితే బల్ల కింద నుంచి సీసా తీసి ఇస్తారనీ, తనూ అక్కడే అడుగుతాననీ అంది. నేను ఒప్పుకోలేదు. స్పిరిటు మద్యనియంత్రణ శాఖ కింద ఉంది, పర్మిట్ కావాలి, దొంగచాటుగా ఎందుకు, దర్జాగా దరఖాస్తు పెట్టుకో అన్నాను. నాకు చట్టమంటే గౌరవం. తరవాత జరిగిందంతా ఆ గౌరవం పుణ్యమే.

మద్యనియంత్రణ శాఖ సూపరింటెండెంట్ పరశురామయ్య గారు దరఖాస్తును రెండు వేళ్ళతో పట్టుకుని, దూరంగా పెట్టుకుని చదివారు. ఆయన ఏ కాగితాన్నైనా అలాగే చదువుతారు.

"దరఖాస్తుదారు స్పిరిటును ఏ నిమిత్తం వినియోగించదలచారు?"

"నీళ్ళు కాచుకోడానికండి," అంది దొయిమతి.

"కాచిన పిమ్మట నీళ్ళను ఏమి చేస్తారు?"

"సంచుల్లో పోస్తానండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సంచుల్లో! నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో సంచుల్లో పోసిన ద్రవం మీద ఎన్ని కేసులు పెట్టానో తెలుసునా?"

నేను కలగజేసుకున్నాను. ఇది తాగే ఆల్కహాలు కాదనీ, తాగకుండా ఉండటానికే ఇందులో విషం, చేదు, రంగు కలుపుతారనీ, తాగితే కళ్ళు పోతాయనీ, ప్రాణమే పోవచ్చుననీ వివరించాను. కాలేజీ పాఠంలా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మాస్టారూ, తాగితే చస్తారన్నారు. ఒప్పుకుంటాను. కానీ తాగి చావడం వేరు, తాగలేకపోవడం వేరు. మా శాఖ బాధ్యత తాగలేకపోవడం వరకే. చావడం వైద్య శాఖ చూసుకుంటుంది. ఈ స్పిరిటును తాగలేరు అని ఎవరైనా ధ్రువీకరించారా?"

"సీసా మీదే రాసి ఉంటుంది కదండీ."

"సీసా ప్రభుత్వోద్యోగి కాదు."

ఆ వారంలోనే పై నుంచి ఉత్తర్వు వచ్చింది. 'పర్యాటక ప్రదేశములలో ఉపయోగించు స్పిరిటు యొక్క అపేయత్వ నిర్ధారణకై ఉన్నత స్థాయి కమిటీ.' చైర్మన్ కమిషనర్ చక్రధరం గారు. కన్వీనర్ పరశురామయ్య గారు. సాంకేతిక నిపుణుడు నేను. దొయిమతి చేతుల్లో ఆ కాగితం పెట్టి, కమిటీ పడిందంటే పని అయినట్టేనని ధైర్యం చెప్పాను. ఆమె నా మాట నమ్మింది. అప్పటికి నేనూ నమ్మాను.

మొదటి సమావేశంలో ఒక గాజు గ్లాసులో స్పిరిటు పెట్టి చుట్టూ కూర్చున్నాం. తాగలేరని తేల్చాలంటే ఎవరైనా తాగబోవాలి. ఎవరు? మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. మద్యనియంత్రణ శాఖ ఉద్యోగి విధి నిర్వహణలో మద్యం పుచ్చుకోరాదని నియమం ఉంది. ఇది మద్యమా కాదా అన్నది తేల్చడానికే కమిటీ వేశారు. తేలకుండా ముట్టుకోరాదు, ముట్టుకోకుండా తేలదు. చివరికి కమిషనర్ గారే ప్రత్యేక మినహాయింపు మీద సంతకం చేసి, అటెండరు నారాయణప్పడిని పిలిపించారు. నాలిక చివర ఒక్క చుక్క, మింగరాదు, వెంటనే పుక్కిలించాలి. ఈ ఒక్క షరతు నేను పట్టుబట్టి పెట్టించాను. ఆ కమిటీలో నా వల్ల జరిగిన మేలు ఇదొక్కటే.

నారాయణప్పడు చుక్క వేసుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. "తాగలేకపోయాడు," అని రాసుకున్నారు పరశురామయ్య గారు. నా గుండె తేలికపడింది.

కమిషనర్ చక్రధరం గారు చేయెత్తారు. "ఇతనికి అలవాటుందా?"

"లేదండి. మాల వేసుకుని దీక్షలో ఉన్నాడండి."

"అలవాటు లేనివాడు తాగలేకపోవడం ఒక సాక్ష్యమా? అతను మంచి విస్కీ ఇచ్చినా తాగలేడు. మనకు కావలసినది ఆరితేరిన వ్యక్తి."

అలా 'అనుభవజ్ఞుడైన మద్యపాన పరీక్షకుడు' కావాలని నోటిఫికేషన్ పడింది. అభ్యర్థి తాగుబోతని తహసీల్దారు ధ్రువపత్రం జతచేయాలి. మా మండలంలో తాగుబోతులకు కొరత లేదు గానీ, ధ్రువపత్రం అనేసరికి అందరూ పెద్దమనుషులైపోయారు. పిల్లలకు సంబంధాలు రావని భయం. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒక్క దరఖాస్తూ రాలేదు. ఆగస్టులో కంచరాపు గవిరినాయుడు వచ్చాడు. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి, తాగి స్తంభం ఎక్కిన నేరానికి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ధ్రువపత్రం అడిగితే ఆ డిస్మిసల్ ఆర్డరే చూపించాడు. అంత గట్టి సర్టిఫికెట్ ఇంతవరకు చూడలేదని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

గవిరినాయుడు తాగుబోతే గానీ నిజాయితీపరుడు. చుక్క నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మి, పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఇది తాగీది కాదు బాబూ. చేదు, మంట. పేణం తీస్తాది."

పరశురామయ్య గారు కలం తీశారు.

"కానీ..." అన్నాడు గవిరినాయుడు.

కలం ఆగిపోయింది.

"కానీ బాగా ఎండి ఉన్నోడు, చేతిలో మరేటీ లేనోడు, నిమ్మకాయ పిండుకొని ముక్కు మూసుకుంటే... అలాటోడు ఆగడు బాబూ. ఉన్నమాట సెప్తున్నాను."

నిమ్మకాయ! ఏ చట్టంలోనూ నిమ్మకాయ లేదు. కమిషనర్ గారు గంభీరంగా లేచి నిలబడ్డారు. "ఈ రాష్ట్రంలో అత్యంత దృఢనిశ్చయం గల తాగుబోతు సైతం నిమ్మకాయ సహాయంతో కూడా తాగలేని స్పిరిటును మనం సాధించాలి. అప్పుడే ఈ కమిటీ సార్థకం."

అతను వచ్చాక జరిగిన రెండో సమావేశానికి స్పిరిటులో వేపనూనె కలిపారు. గవిరినాయుడు, "కష్టమే, కానీ పకోడీలుంటే..." అన్నాడు. మూడోసారి ఇంగువ, కుంకుడు రసం. "వాసన బాగులేదు. కానీ మా ఊళ్ళో ఒకడున్నాడు..." నాలుగోసారి ఆముదం. "ఆముదం ఒంటికి మంచిదే కదా బాబూ." ఐదోసారి ఉప్పు, దానితోపాటు సగానికి సగం నీళ్ళు. మత్తు ఎక్కనిదాన్ని ఎవడు తాగుతాడన్నది పరశురామయ్య గారి తర్కం. అందుకు గవిరినాయుడు, ఎక్కకపోతే రెండు గ్లాసులు తాగుతారన్నాడు. ఆరోసారి నాలుగు వంతుల్లో మూడు వంతులు నీళ్ళయ్యాయి.

ఆ ఆరో సమావేశంలో నేను ధైర్యం చేసి నోరు విప్పాను. "అయ్యా, నీళ్ళు ఇంత కలిపితే ఇది మండదండి."

అందరూ నా వైపు చూశారు. పెళ్ళిలో ఎవరో చావు కబురు చెప్పినట్టు చూశారు.

"మాస్టారూ," అన్నారు పరశురామయ్య గారు, "కమిటీ పేరు ఒకసారి చదవండి. అందులో మండటం అనే మాట ఉందా?"

"లేదండి. కానీ ఆవిడ అడిగింది నీళ్ళు కాచుకోడానికి కదండీ."

"మండటం అగ్నిమాపక శాఖ వారి విషయం. మన కమిటీ పక్క శాఖలో వేలు పెట్టదు. ఎజెండాలో లేని అంశాన్ని ప్రస్తావించినందుకు మీ వ్యాఖ్యను మినిట్స్‌లో రాయడం లేదు. అది మీ మీద మాకున్న అభిమానం."

ఆ అభిమానానికి నేను దండం పెట్టాను. నా ఇంక్రిమెంట్ ఫైలు జిల్లా ఆఫీసులో ఉంది, అది కదలాలంటే కమిషనర్ గారి మాట సాయం కావాలి. ఇంతకంటే నా గురించి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఏడో సమావేశంలో గవిరినాయుడు చుక్క వేసుకోలేదు. గ్లాసును చూసి, వాసన చూసి, కుర్చీలోంచి లేచాడు. "బాబూ, తవఁరికి దండం. నాను మందు మానేస్తన్నాను. ఏ సీసా చూసినా ఇదే గుర్తుకొస్తంది." చెప్పినట్టే మానేశాడు. శాఖ చరిత్రలో ఒక తాగుబోతు మారడం అదే మొదటిసారి కావడంతో, మిఠాయి తెప్పించి పంచారు. స్పిరిటు తాగలేనిదని ఏకగ్రీవంగా తేలింది. దానికి 'నిర్మల జ్వాల' అని పేరు పెట్టారు.

ఈలోగా కాలుష్య పరీక్షకు కూడా పంపారు. వాళ్ళ యంత్రం కింద ఇరవై నిమిషాలు పెట్టినా ఇసుమంత పొగ రాలేదు. మసి సున్నా. ఇంత శుభ్రమైన ఇంధనం తమ ప్రయోగశాలకు ఇంతవరకు రాలేదని వాళ్ళు ప్రశంసాపత్రం ఇచ్చారు. అగ్గిపుల్ల గీశారా అని నేను అడగలేదు. అడగడం మానేసి అప్పటికి రెండు నెలలైంది.

దొయిమతి మాత్రం నెలకోసారి వచ్చేది. నవంబరు వచ్చేసింది, సీజను మొదలైంది. పక్క టెంట్లవాళ్ళు కుంపట్లతో దర్జాగా నడుపుకుంటున్నారు. ఈమె కుంపటి అడిగినవాళ్ళను, మీకు నేను ఇవ్వలేను, వేరేచోటికెళ్ళండని పంపేస్తోంది. ఆరు టెంట్లలో నాలుగు ఖాళీ.

"వాళ్ళు వేరేచోటికెళ్ళి అదే కుంపటి పెట్టుకుంటారు సారూ. తెల్లారగట్ల నాకు బెంగ. పక్కోళ్ళ టెంట్లలో దగ్గు ఇనబడితే గానీ నా పేణం కుదుటపడదు. స్పిరిటు ఎప్పుడొస్తాది?"

"వస్తోందమ్మా," అన్నాను. అబద్ధం కాదు. వస్తూనే ఉంది.

జనవరిలో 'నిర్మల జ్వాల' ప్రారంభోత్సవం దొయిమతి టెంట్ల దగ్గరే జరిగింది. దరఖాస్తుదారు ఆమే కనక మొదటి డబ్బా ఆమెకే ఇవ్వాలని నిర్ణయించారు. మెట్ట అంతా షామియానా, బ్యానర్లు. సాయంత్రం నాలుగున్నరకు కమిషనర్ గారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఐదున్నరకు ముగించేసరికి ఎండ పోయి చలి మొదలైంది. దొయిమతి కొత్త పొయ్యిని తుడిచి, స్పిరిటు పోసి పెట్టింది. ఆమె ముఖంలో అంత ఆశ నేను ఆ ఏడాదిలో చూడలేదు.

కమిషనర్ గారు అగ్గిపుల్ల గీసి పొయ్యిలో పెట్టారు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. రెండోది గీశారు. మూడోది. పెట్టె అయిపోయింది. పరశురామయ్య గారు ఇంకో పెట్టె అందించారు. చివరికి ఎవరో చితుకులకు నిప్పంటించి పొయ్యిలో గుచ్చారు. అదీ ఆరింది. వేపనూనె, ఇంగువ కలిసిన తడి వాసన ఒకటి మాత్రం లేచింది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా, పరశురామయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఆయన సర్వీసు ఊరికే పోలేదు.

"అయ్యా, తమరు గమనించారా? పొగ లేదు."

కమిషనర్ గారు పొయ్యిని నాలుగు వైపులా పరిశీలించారు. "లేదు," అన్నారు. "అసలే లేదు." మైకు తీసుకున్నారు. "మిత్రులారా! నిప్పు, పొగ అనే ఈ రెంటిలో మనం ఈనాడు పొగను జయించాం. నిప్పు అంశం వచ్చే ఆర్థిక సంవత్సరంలో చేపడతాం." చప్పట్లు మోగాయి. చలికి చేతులు రుద్దుకుంటున్నవాళ్ళు కూడా ఆ ఊపులోనే కొట్టేశారు.

దొయిమతి కొట్టలేదు. పొయ్యిలోది నేల మీద ఒంపేసి, ఖాళీ పొయ్యిని చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. నేను బ్యానరు మీద అక్షరాలు చదువుతూ నిలబడ్డాను.

పథకం మీద ప్రజల్లో విశ్వాసం పెరగాలని, కమిషనర్ గారూ పరశురామయ్య గారూ ఆ రాత్రి ఆమె టెంటులోనే బస చేస్తున్నట్టు పత్రికలవాళ్ళకు చెప్పేశారు. పత్రికలవాళ్ళు జీపెక్కి వెళ్ళిపోయాక చలి ఇద్దరికీ అసలు రూపం చూపించింది. కమిషనర్ గారి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"కుంపటి పెట్టించండి," అన్నారు.

"నా టెంట్‌లో పెట్టనియ్యను సారూ," అంది దొయిమతి. "నా తమ్ముడు దాంతోనే పోయేడు."

కమిషనర్ గారు పరశురామయ్య గారి వైపు తిరిగారు. "ఆ కేసులో రికార్డు ఏమని ఉంది?"

"చలికి మృతి అని ఉందండి."

"చూశావామ్మా? నీ తమ్ముడు చలివల్ల పోయాడు. కుంపటి ఉంటే బతికేవాడు. చదువుకున్నదానివి, ఆమాత్రం తెలుసుకోవద్దా?"

నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, కమిటీ సాంకేతిక నిపుణుణ్ణి, సుక్రుకి కూడా పాఠం చెప్పినవాణ్ణి. "అయ్యా, జిప్పు కాస్త తెరిచి ఉంచితే..." అన్నాను. ఎజెండాలో ఉందా అన్నట్టు చూశారు పరశురామయ్య గారు. నేను నోరు మూసుకున్నాను. పక్క టెంట్లవాళ్ళ దగ్గర్నుంచి రాజుకున్న కుంపటి ఒకటి వచ్చింది. ఇద్దరూ దాన్ని మధ్యలో పెట్టుకుని, జిప్పు పూర్తిగా లాక్కున్నారు.

నేను ఇంకో టెంటులో పడుకున్నాను. తెల్లవారుజామున చర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడుకు లేచి బయటికి వచ్చాను. దొయిమతి ఆ టెంటు గుడ్డను కొడవలితో పై నుంచి కిందికి కోసేసింది. టెంటు ముందు నేల మీద ఆమె దుప్పటి పడి ఉంది. పడుకున్న దుప్పటిలా లేదు, కూర్చున్న దుప్పటిలా ఉంది. లోపల గురక ఆగిపోయిందట. పిలిస్తే పలకలేదట. ఆమె కమిషనర్ గారి కాళ్ళు పట్టుకుని బయటికి ఈడుస్తోంది. నేను పరుగెత్తి పరశురామయ్య గారి భుజాలు పట్టుకున్నాను. ఇద్దరి ముఖాలూ ఎర్రగా కమిలి ఉన్నాయి. గడ్డి మీద పడుకోబెట్టి చెంపలు చరిచాం. చాలాసేపటికి కమిషనర్ గారు కక్కుకుని, కళ్ళు తెరిచి, "నేనెక్కడున్నాను?" అన్నారు. ఆయన చారల పైజమాలో ఉన్నారు. కింద లోయంతా మబ్బులు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. వాటిని చూడటానికి లేచిన పర్యాటకులు ముప్పైమంది దాకా చుట్టూ చేరి ఆయన్ను చూస్తున్నారు.

దొయిమతి దూరంగా రాయి మీద కూర్చుని ఏడ్చింది. ఏడాది కింద చేయలేకపోయింది ఈరోజు చేసినందుకు ఏడ్చిందని నాకు తెలుసు. ఆ గుంపులో ఇంకెవరికీ తెలియదు.

సుక్రు పోతే ఏడాది పాటు కదలని ప్రభుత్వం, కమిషనర్ గారికి కక్కు వస్తే నాలుగు రోజుల్లో కదిలింది. 'బొగ్గు సురక్షిత విక్రయ ఉత్తర్వు' వచ్చింది. పర్యాటక ప్రదేశాల్లో బొగ్గును ఇరవై నాలుగు గంటలు నీళ్ళలో నానబెట్టి, తడిగా ఉండగానే అమ్మవలెను. తడి చాలినంత ఉన్నదీ లేనిదీ నిర్ధారించుటకు కమిటీ. సాంకేతిక నిపుణుడు నేను. ఇంక్రిమెంట్ మంజూరైంది.

అదే తపాలాలో దొయిమతి పేర మెమో ఒకటి వచ్చింది. దాన్ని అందజేసి, సంజాయిషీ రాయించుకు రావలసిన బాధ్యత నాకు అప్పగించారు. మెట్ట ఎక్కేసరికి ఆమె టెంటు బయట కూర్చుని నీళ్ళు కాచుతోంది. అరచేతంత పొయ్యి, నీలి మంట, పొగ లేదు, గిన్నె అడుగు తళతళలాడుతోంది. పక్కన రబ్బరు సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. స్పిరిటు ఎక్కడిదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కోసిన టెంటును సూదీ దారంతో కుట్టుకుంది. కుట్లు వంకరగా ఉన్నాయి.

మెమో చదివి వినిపించాను. 'సదరు టెంట్ల నిర్వాహకురాలు, ఉన్నతాధికారులు అధికారిక విశ్రాంతిలో ఉన్న సమయమున, ముందస్తు అనుమతి పొందకుండ, మారణాయుధముతో టెంటును చీల్చి, కమిషనర్ వారిని కాళ్ళు పట్టి బయటకు లాగి, తగని దుస్తులలో ప్రజల దృష్టికి గురిచేసి, శాఖ గౌరవమునకు భంగము కలిగించినది. ఇందులకు ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

చదవడం అయ్యేసరికి నాకే చెమట పట్టింది. ఆమె మాత్రం మరిగిన నీళ్ళు సంచిలో పోసి, మూత బిగించి, తిరగేసి కారడం లేదని చూసుకుంది.

"నువ్వే రాయి సారూ. నేను సెప్తాను."

కలం తీశాను.

"తప్పయింది."

రాశాను. ఆమె సంచిని దుప్పట్లో చుట్టి పక్కన పెట్టింది.

"ఈసారి లేపను."

నేను తలెత్తి చూశాను. ఆమె కోపంగా లేదు. రెండో సంచి అందుకుంది. ఇంకేమైనా రాయాలా అని అడిగితే, అంతేనంది. కింద సంతకం పెట్టింది. నేను సాక్షి సంతకం పెట్టి, కొండ దిగి, కాగితం ఆఫీసులో ఇచ్చేశాను.

పదో రోజున జవాబు వచ్చింది.

'పై సూచికలోని మీ సంజాయిషీని కమిషనర్ వారు క్షుణ్ణముగా పరిశీలించారు. అది సంతృప్తికరముగా ఉన్నందున తదుపరి చర్య నిలిపివేయడమైనది. ఇకముందు కూడా ఇదే వైఖరి కొనసాగించవలసినదిగా కోరడమైనది.'